జపాన్‌లో చెత్త వేయడం: సింకు దగ్గర నుంచి నీలం వల దాకా

తోక్యోకు వచ్చిన రెండో వారంలో నా చెత్త సంచి నాకే తిరిగొచ్చింది. ఉదయం వీధి మలుపులో అందరి సంచుల పక్కన పెట్టి ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి మిగతావన్నీ పోయాయి, నాది ఒక్కటే నీలం రంగు వల కింద కూర్చుని ఉంది. దాని మీద అరచేయంత స్టికర్. ఫోను కెమెరా పెట్టి అనువదించి చూస్తే, దీన్ని తీసుకువెళ్లలేము, సరిగా వేరు చేయండి అని ఉంది. లోపల ఏముందో కనిపించే సంచి కాబట్టి దారిన పోయేవాళ్లందరికీ మా వంటిల్లు దర్శనమిస్తోంది: ఉల్లిపొట్టు, టీ పిప్పి, వాటి మధ్య దర్జాగా ఖాళీ ఆవకాయ సీసా.

మన ఊళ్లలో చెత్త గడప దాటితే మన పని తీరినట్టే. తడి చెత్త, పొడి చెత్త అని రెండు బుట్టలు ఉన్నా, ఆ తర్వాత చేయి పెట్టి ఏరేవాళ్లు వేరే ఉంటారు. ఇక్కడ ఆ ఏరే పని మనదే, అదీ ఇంట్లో ఉండగానే. బయట పెట్టేటప్పుడు వేరు చేద్దామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. సీసా ఖాళీ అయిన క్షణాన, సింకు ముందు నిలబడి ఉన్నప్పుడే అది ఎటు వెళ్లాలో తేల్చెయ్యాలి. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా మీ ఊరి కాగితం

జపాన్ మొత్తానికి ఒకే చెత్త పద్ధతి లేదు. 1970 నాటి వ్యర్థాల చట్టం ఇంటి చెత్త బాధ్యతను ఆయా నగర, పట్టణ, గ్రామ పాలనలకే వదిలింది. తోక్యో నడిబొడ్డున ఉన్న 23 వార్డులు కూడా ఎవరి నియమాలు వారివే. అందుకే నది దాటి అవతలి వార్డుకు ఇల్లు మారితే, నేర్చుకున్నదంతా మరోసారి సరిచూసుకోవాలి. తొకుషిమా ప్రాంతంలో కమికత్సు అనే కొండ ఊరుంది. అక్కడ చెత్తను 40కి పైగా రకాలుగా వేరు చేస్తారు, ఇంటికి బండి రాదు, జనమే మోసుకెళ్లి కేంద్రంలో వేసి వస్తారు. కంగారు పడకండి, మనలో చాలామంది ఉండే నగరాల్లో ఇది పది రకాల చుట్టుపక్కలే తేలిపోతుంది.

నేనిచ్చే మొదటి సలహా: యోకొహామాలో ఉండే స్నేహితుడు చెప్పింది విని సప్పొరోలో చెత్త వేయకండి. నా మాటనైనా మీ ఊరి కాగితంతో సరిచూసుకున్నాకే పాటించండి. కొత్త ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి కదా, ఆ రోజే 'గోమి కరెండా' కావాలని అడగండి. 'గోమి' అంటే చెత్త, 'కరెండా' అంటే మన క్యాలెండరే. చాలాచోట్ల ఇంగ్లీషు ప్రతి ఉంటుంది. నేపాలీ, వియత్నామీ ప్రతులు కూడా ఇచ్చే ఊళ్లున్నాయి. వార్డు మొత్తానికి ఒకే క్యాలెండర్ ఉండదు. 'చోమె' అనే పేట విభాగాన్ని బట్టి రోజులు మారతాయి, కాబట్టి మీ చిరునామాలోని ఆ అంకె తప్పకుండా చూసుకోండి.

అదే రోజు తెలుసుకోవలసిన రెండో సంగతి సంచి. తోక్యో 23 వార్డుల్లో మామూలు ఇంటి చెత్తకు ప్రత్యేక సంచి కొననక్కరలేదు, లోపలిది కనిపించే తెల్లని లేదా పారదర్శకమైన సంచి ఏదైనా చాలు. క్యోటోలో అలా కుదరదు. 2006 నుంచి అక్కడ నగరం నిర్ణయించిన సంచులు కొనాలి. కాలే చెత్తకు పసుపు సంచి, లీటరుకు ఒక యెన్ లెక్కన 45 లీటర్లది 45 యెన్లు. సప్పొరోలో 40 లీటర్ల సంచి 80 యెన్లు. ఫుకుఒకాలో కాలే చెత్తకు ఎర్ర సంచి, కాలనిదానికి నీలం, సీసాలకు పసుపు. ఈ సంచులు సూపర్ మార్కెట్లో, కాన్వీనియెన్స్ దుకాణంలో దొరుకుతాయి. కొన్నిచోట్ల కౌంటర్ వెనక ఉంటాయి, అడిగితే ఇస్తారు. మన పాత అలవాటు ప్రకారం సరుకుల దుకాణం సంచిని చెత్తకు వాడదామంటే, 2020 జులై నుంచి జపాన్‌లో దానికీ డబ్బు కట్టాల్సిందే.

క్యాలెండర్ చదవడంలో ఒక మెలిక

రోజుల పేర్లు రాసే జపనీస్ అక్షరాలకు ఆరు బొమ్మలు గుర్తుపెట్టుకుంటే చాలు: సోమవారానికి చంద్రుడు, మంగళవారానికి నిప్పు, బుధవారానికి నీరు, గురువారానికి చెట్టు, శుక్రవారానికి బంగారం, శనివారానికి మట్టి. ఆదివారం చాలాచోట్ల బండి రాదు. కాలే చెత్తకు సాధారణంగా వారానికి రెండు రోజులు, పునర్వినియోగ సరుకుకు ఒక రోజు, కాలనిదానికి నెలకు ఒకటి రెండుసార్లు ఉంటుంది.

మెలిక ఆ 'నెలకు రెండుసార్లు' దగ్గరే ఉంది. 'మొదటి, మూడో బుధవారం' అంటే నెలలో వచ్చే మొదటి బుధవారం, మూడో బుధవారం అని అర్థం. మొదటి వారం, మూడో వారం అని కాదు. నెల గురువారంతో మొదలైతే మొదటి బుధవారం ఏడో తేదీన వస్తుంది. క్యాలెండర్లో అది రెండో వరసలో కనిపిస్తుంది. వరసలు లెక్కపెట్టి నేను ఒకసారి పగిలిన కప్పుల సంచిని వారం ముందే మోసుకెళ్లాను. సంవత్సరాంతంలో బండ్లు కొన్ని రోజులు ఆగిపోతాయి, డిసెంబర్ రెండో వారంలోనే ఆ తేదీలు చూసి పెట్టుకోండి.

కాలే చెత్త: నీళ్లు తీయడమే అసలు పని

కాగితం మీద దీన్ని 'మొయెరు గోమి' అనీ, 'కనెన్ గోమి' అనీ రాస్తారు. 'మొయసు గోమి' అంటే 'కాల్చే చెత్త', అదీ ఇదే. వంటింటి చెత్త, మురికి అంటిన కాగితం, టిష్యూలు, పిల్లల డైపర్లు (మలం టాయిలెట్లో వేశాక), వాడిన శానిటరీ ప్యాడ్లు, పూజలో వాడిన పూలు, దీపం వత్తులు అన్నీ ఇందులోకే. కొబ్బరి చిప్ప కూడా ఎక్కువ ఊళ్లలో ఈ సంచిలోకే వెళుతుంది. మట్టి ప్రమిద మాత్రం కాదు, అది పింగాణీతో పాటు కాలని చెత్త.

పేరుకు కాలేదే అయినా వంటింటి చెత్తలో ఎక్కువ భాగం నీరే. దాన్ని కాల్చాలంటే ముందు ఆ నీటిని ఆవిరి చేయాలి. అందుకే ప్రతి ఊరి కాగితం మీదా 'నీళ్లు పిండి వేయండి' అని ఉంటుంది. జపాన్ ఇళ్లలో సింకు మూలన పెట్టే ముక్కోణపు చిల్లుల బుట్ట, సింకు రంధ్రానికి తొడిగే సన్నని వల ఇందుకే ఉన్నాయి. ఆ వలలు వంద యెన్ల దుకాణంలో కట్టలుగా దొరుకుతాయి. మన వంటలో నీళ్లదే రాజ్యం: పప్పు, సాంబారు, నానిన చింతపండు పిప్పి, పులిసిన దోసెల పిండి. నేను చేసేది ఇది: రాత్రి గిన్నెలు తోమాక చిల్లుల బుట్టలోని చెత్తను ఒక పిడికిలితో నొక్కి, పాత కాగితంలో చుట్టి, చిన్న సంచిలో ముడి వేస్తాను. వేసవిలో చేప పొట్టు, రొయ్యల తొక్కలు అయితే ఆ చిన్న సంచిని బండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్లో పెడతాను. మొదట్లో మా ఇంట్లో దీనికి పెద్ద గొడవే జరిగింది. ఆగస్టు నెలలో ఒక్క వారం వాసన పీల్చాక గొడవ సద్దుమణిగింది.

ఇంత పట్టుదలగా ఎందుకు కాలుస్తారంటే, పూడ్చడానికి చోటు లేక. 1960ల్లో తోక్యో చెత్తలో చాలా భాగం అఖాతంలోని యుమెనోషిమా మీద గుట్టలుగా పోసేవారు. 1965లో అక్కడి నుంచి ఈగలు దండుగా లేచి కోతో వార్డు మీద పడ్డాయి. నగరమంతటి చెత్త మేమే ఎందుకు భరించాలని ఆ వార్డు ఎదురు తిరిగింది. 1971లో గవర్నరు మినోబె 'చెత్త యుద్ధం' ప్రకటించారు. దహన కేంద్రాన్ని తమ దగ్గర వద్దన్న సుగినామి వార్డు చెత్త లారీలను 1973లో కోతో వార్డు అడ్డుకుని వెనక్కు పంపింది. ఎవరి చెత్త వారి దగ్గరే కాల్చాలన్న పట్టు అప్పుడు బిగిసింది. ఇప్పుడు ఇళ్ల మధ్యే పొడవాటి పొగ గొట్టాలతో కనిపించే భవనాలు ఆ దహన కేంద్రాలే. కొన్నింటి వేడితో పక్కనే ఈత కొలనులు నడుపుతారు.

వేయించిన నూనె గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే గారెలు, బజ్జీలు మానేసి బతికే జాతి కాదు మనది. నూనెను సింకులో పొయ్యకండి, గొట్టంలో గడ్డ కట్టి కింది వాటాల దాకా ఇబ్బంది తెస్తుంది. రెండు దార్లున్నాయి. ఒకటి, నూనెను గట్టిపరిచే పొడి. సూపర్ మార్కెట్లో వంటనూనెల దగ్గరే చిన్న పొట్లాలుగా అమ్ముతారు. పొయ్యి కట్టేసి, నూనె ఇంకా వేడిగా ఉండగానే పొడి వేసి కలిపి, బాణలిని అలాగే వదిలేయాలి. ఓ గంటకు నూనె లేత మైనం బిళ్లలా గడ్డ కడుతుంది. అంచు చుట్టూ గరిటె తిప్పితే అట్టులా లేస్తుంది, తీసి కాలే సంచిలో వేయడమే. చల్లారిన నూనెలో వేస్తే మాత్రం పొడి అడుక్కు చేరి ఊరుకుంటుంది. ఈ పొడి ఆముదం నుంచి తీసినదే, అంటే మన పెరటి సరుకే తిరిగి మన బాణలికి వచ్చిందన్నమాట. రెండో దారి, ఖాళీ పాల డబ్బాలో పాత కాగితాలు కూరి, చల్లారిన నూనె పోసి, కాసిన్ని నీళ్లు చేర్చి, మూతి టేపుతో బిగించడం. నీళ్లు దేనికంటే, నూనె పీల్చిన కాగితం ఎండాకాలం దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది.

ఊరగాయ నూనె, పోపు మిగులు, తాగని సాంబారు మీద తేలే జిడ్డు వంటి కొద్దిపాటివి టిష్యూతో తుడిచి వేస్తే చాలు.

సీసాలు, డబ్బాలు, పెట్ బాటిళ్లు

ఇవి 'షిగెన్', అంటే వనరులు. వీటికి ఒకటే సూత్రం: ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి. కడగడమంటే సబ్బుతో తోమడం కాదు. సీసాలో కొన్ని నీళ్లు పోసి మూత పెట్టి గట్టిగా రెండుసార్లు ఊపి పారబోయాలి. ఆవకాయ సీసాకు ఇది చాలదు. ముందు కాగితంతో లోపలి నూనె తుడిచి, తర్వాత వేడినీళ్లు పోసి ఊపాలి. అప్పటికీ వాసన వదలకపోతే దిగులు పడకండి, మసాలా జిడ్డు పోతే చాలు.

గాజులో ఒక తేడా ఉంది. తాగేవి, తినేవి వచ్చిన సీసాలే వనరులు. గాజు గ్లాసు, వేడికి తట్టుకునే గాజు గిన్నె, అద్దం వేరే రకం గాజు, సీసాలతో కలిపి కరిగించరు. అవి కాలని చెత్తలోకి.

పెట్ బాటిల్‌ను గుర్తుపట్టడానికి ముక్కోణంలో 1 అంకె చూడండి. మూత తీయాలి, చుట్టూ ఉన్న లేబుల్‌ను చిల్లుల గీత వెంట చింపి లాగేయాలి, ఊపి కడిగి, పాదంతో నొక్కి చదును చేయాలి. మూత, లేబుల్ ప్లాస్టిక్ వైపు వెళతాయి. మెడ దగ్గర మిగిలే ప్లాస్టిక్ ఉంగరాన్ని పీకనక్కరలేదు, నేను కొన్నాళ్లు కత్తితో దాంతో కుస్తీ పట్టాను. సోయా సాస్, వెనిగర్ సీసాలకు ఆ 1 గుర్తు ఉంటే అవీ ఇందులోకే. వంటనూనె సీసా చూడటానికి అచ్చం అలాగే ఉన్నా గుర్తు వేరు, అది ప్లాస్టిక్.

కాగితం, అట్టపెట్టెలు

వార్తాపత్రికలు, పత్రికలు, అట్టపెట్టెలు, పాల డబ్బాలు దేనికది విడిగా పురికొసతో కట్టాలి. కట్టే తీరు ముఖ్యం. పురికొసను నేల మీద కూడిక గుర్తులా పరిచి, మధ్యలో చదును చేసిన అట్టలు పేర్చి, నాలుగు కొసలూ పైకి లాగి బిగిస్తే ఒక చేత్తో ఎత్తినా జారదు. టేపు చుట్టడం కంటే ఇదే మంచిది. అట్టపెట్టె మీది టేపు, చిరునామా కాగితం పీకేయండి. వానొస్తే పురికొస కట్టు తడిసి బరువెక్కుతుంది. కొన్ని ఊళ్లు వానరోజున కాగితం, బట్టలు వేయవద్దంటాయి.

పాల డబ్బా పని చిన్నదే కానీ ఓపిక కావాలి. కడిగి, కత్తెరతో ఒక నిలువు అంచు వెంట పై నుంచి కింది దాకా కోసి, అడుగు చుట్టూ మూడు వైపులా కోస్తే ఒకే పలకలా తెరుచుకుంటుంది. దాన్ని ఆరబెట్టాలి. పెరుగు తోడు పెట్టుకునే ఇంట్లో వారానికి మూడు నాలుగు పోగుపడతాయి. లోపల వెండి పూత మెరిసే డబ్బాలు మాత్రం వీటితో కలవవు.

కాగితంలా ఉన్నా కాగితంలో కలవనివి కొన్ని ఉన్నాయి: దుకాణం రసీదు, కాఫీ కప్పు, సబ్బు పొడి వాసన పట్టిన అట్ట, నూనె మరకల పిజ్జా పెట్టె. ఇవన్నీ కాలే సంచిలోకి.

ఇక్కడ నాకు మన వీధులు గుర్తొస్తాయి. పాత పేపర్లకు తూకం వేసి డబ్బు చేతిలో పెట్టేవాడు, పాత బట్టలకు స్టీలు గిన్నె ఇచ్చేది ఒక బుట్టావిడ. జపాన్‌లోనూ పాత వార్తాపత్రికలకు టాయిలెట్ పేపర్ చుట్టలు ఇచ్చే లారీలు మైకులో పిలుస్తూ తిరిగేవి, కొన్ని పేటల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఒక్కటి తప్ప, పారేసేదానికి ఎదురు డబ్బు వస్తుందన్న ఆశ ఇక్కడ వదులుకోవాలి.

ప్లాస్టిక్: ఊరూరికీ మారేది ఇదే

అత్యంత గందరగోళం ఇక్కడే. జపాన్ సరుకుల మీద చదరపు గీతలో 'పురా' అని రెండు అక్షరాలుంటాయి. అది ఆ ఊరు ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను విడిగా తీసుకుంటే ఆ రోజుకు చెందుతుంది. ఇంతకాలం ఈ నియమం ప్యాకింగ్‌కే వర్తించేది: బిస్కెట్ల కవరు ప్లాస్టిక్, అదే పదార్థంతో చేసిన బకెట్టు కాదు. 2022 ఏప్రిల్‌లో కొత్త ప్లాస్టిక్ చట్టం వచ్చాక చాలా ఊళ్లు బకెట్లు, హ్యాంగర్లు కూడా కలిపి తీసుకోవడం మొదలుపెట్టాయి. యోకొహామా నగరమంతటా 2025 ఏప్రిల్ నుంచి అలాగే నడుస్తోంది. అందుకే మూడేళ్ల కిందటి కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుని ఉన్నవారు కొత్తది తెచ్చుకోండి.

భారతీయ దుకాణంలో కొన్న కారప్పొడి, అప్పడాలు, శనగపిండి కవర్ల మీద ఆ 'పురా' గుర్తు ఉండకపోవచ్చు. గుర్తు లేకపోయినా ప్యాకింగ్ ప్యాకింగే. కత్తిరించి విప్పి, లోపలి పొడి దులిపి, నీళ్లతో ఒకసారి తడిపి చూడండి. శుభ్రమైతే ప్లాస్టిక్. నూనె కారే ఊరగాయ పొట్లం, పిండి అతుక్కుపోయి వదలనిది అయితే దానికోసం బకెట్టు నీళ్లు ఖర్చు పెట్టకండి, కాలే సంచిలో వేయండి. మురికి కవరు ఒకటి పడితే శుభ్రమైనవి కూడా పాడవుతాయి కాబట్టి అనుమానమున్నప్పుడు ఇదే తక్కువ నష్టం.

నిప్పు రాజేసేవి

ఇక్కడ మాత్రం పొరపాటుకు తావు లేదు. చెత్త బండిలో వస్తువుల్ని నొక్కే యంత్రం ఉంటుంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు పడితే అది నలిగి అంటుకుంటుంది. పవర్ బ్యాంకు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, చేతి ఫ్యాను, ఎలక్ట్రానిక్ సిగరెట్టు అన్నీ ఈ జాబితాలోవే. వీటిని ఏ మామూలు సంచిలోనూ వేయకూడదు. తీయగలిగిన బ్యాటరీని తీసి, లోహపు కొసల మీద టేపు అంటించి, ఎలక్ట్రానిక్ దుకాణాల్లోని సేకరణ పెట్టెలో వేయాలి. బ్యాటరీ ఊడిరాని వస్తువులకు, ఉబ్బిన బ్యాటరీకి మీ ఊరు ఏ దారి చూపిందో కాగితంలో వెతకండి. ఉబ్బినదాన్ని గుచ్చి చూడకండి.

స్ప్రే డబ్బాలు, పొయ్యి గ్యాసు డబ్బాలు పూర్తిగా ఖాళీ చేయాలి. కిటికీలు తెరిచి, వీలైతే ఆరుబయట, నిప్పుకు దూరంగా, చప్పుడు రాకుండా పోయేదాకా నొక్కండి. రంధ్రం చేయాలా వద్దా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. వద్దనేచోట చేయకండి. 2018 డిసెంబర్‌లో సప్పొరోలో ఒక కార్యాలయంలో వందకు పైగా వాసన పోగొట్టే స్ప్రే డబ్బాలను గది లోపలే ఖాళీ చేశారు. ఆ గ్యాసు అంటుకుని భవనమే కూలింది.

పగిలిన గాజు, కత్తి, బ్లేడు వంటివి మందపాటి కాగితంలో చుట్టి, పైన 'కికెన్' అని రాయాలి, అంటే ప్రమాదం. కాటకానా లిపిలో మూడే అక్షరాలు, ఫోనులో చూసి దించేయండి. ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది, కొన్న పెట్టెలోనే విడిగా పెట్టండి. ఇన్సులిన్ సూదులు వాడేవారు వాటిని ఆసుపత్రికి లేదా మందుల దుకాణానికే తిరిగి ఇవ్వాలి.

ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ రేకులు, అట్ల పెనం లోహాలు. తోక్యో వార్డుల్లో 30 సెంటీమీటర్ల లోపుంటే కాలని చెత్త. యోకొహామాలో చిన్న లోహాలు వేరే రకం. మిక్సీ చిన్న ఎలక్ట్రిక్ సామాను. 2013లో వచ్చిన చట్టం ప్రకారం చాలా కార్యాలయాల్లో వీటికి పెట్టెలు పెట్టారు. తోక్యో ఒలింపిక్స్‌లో ఇచ్చిన దాదాపు 5,000 పతకాలూ జనం ఇచ్చిన పాత ఫోన్లు, చిన్న సామాన్ల లోహంతోనే తయారయ్యాయి. ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకుని, దాన్ని ఇక్కడి 100 వోల్టుల కరెంటు మీద తిప్పడానికి బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొన్నవారు, పోయేటప్పుడు రెండూ వదిలించుకోవాలని గుర్తుంచుకోండి.

ఉదయం ఎనిమిది లోపు

చాలా ఊళ్లలో గడువు ఉదయం ఎనిమిది. ముందు రాత్రి పెడితే కాకులు, పిల్లులు చీల్చేస్తాయి. ఫుకుఒకా మాత్రం తలకిందులు: అక్కడ సూర్యాస్తమయం నుంచి అర్ధరాత్రి లోపు పెట్టాలి, బండి రాత్రే వస్తుంది. అక్కడి నుంచి తోక్యోకు మారిన తెలుగు కుటుంబాలు మొదటి వారం తప్పులు చేయడం నేను చూశాను.

సంచిని చెత్త పెట్టే చోటులో పడేసి రావడంతో అయిపోదు. నీలం లేదా పచ్చ వల ఎత్తి, సంచిని లోపలికి నెట్టి, వల అంచు సంచి కిందికి మడిచి రావాలి. అంచు బయట తేలితే కాకి ముక్కు దూరుతుంది. తోక్యో కాకులు మన ఊరి కాకులకన్నా ఒకటిన్నర రెట్లు ఉంటాయి, వాటికి కోడి ఎముకలున్న సంచి ఏదో తెలుసు. మాంసం ఎముకలను కాగితంలో చుట్టి సంచి మధ్యలో పెట్టండి. పేట సంఘం ఉన్నచోట వల మడవడం, చోటు ఊడవడం ఇళ్లవారీగా వంతులుంటాయి. మీ వంతు వచ్చినప్పుడు తలుపుకు చిన్న పలక తగిలిస్తారు. వారం చేసి, పలకను పక్కింటికి అందించండి. నా జపనీస్ మాటలు మొదట కుదిరింది ఆ పలక చేతులు మారేటప్పుడే.

కొత్తగా కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్లలో లోపలే చెత్త గది ఉంటుంది, ఏ వేళకైనా వేయవచ్చు. అలాంటి ఇల్లు దొరికితే మీ అదృష్టం, అయినా వేరు చేయడం తప్పదు. దారిలో చెత్త డబ్బా కోసం వెతకకండి. 1995లో తోక్యో మెట్రోలో సరిన్ విషవాయువు దాడి జరిగాక స్టేషన్లలో చాలా డబ్బాలు తీసేశారు. దుకాణం ముందున్న డబ్బాలో ఇంటి చెత్త వేయడం తప్పు.

పెద్ద సామాను

తోక్యో వార్డుల్లో ఏ ఒక్క వైపు 30 సెంటీమీటర్లు దాటినా 'సోదాయి గోమి', అంటే పెద్ద చెత్త. యోకొహామాలో లోహం 30, మిగతావి 50 సెంటీమీటర్ల నుంచి. పరుపు, కుర్చీ, బియ్యం డ్రమ్ము, పెద్ద సూట్‌కేసు ఇందులోకి వస్తాయి. పద్ధతి ఇది:

1. ఫోనులో లేదా నెట్‌లో వస్తువు పేరు, కొలత చెప్పి తేదీ తీసుకోవాలి. రుసుము, రిజిస్ట్రేషన్ నంబరు అక్కడే చెబుతారు.
2. కాన్వీనియెన్స్ దుకాణంలో ఆ రుసుముకు సరిపడా స్టికర్లు కొనాలి. తోక్యో వార్డుల్లో ఒకటి 200, మరొకటి 300 యెన్లది. 800 యెన్లయితే 300వి రెండు, 200ది ఒకటి.
3. స్టికర్ మీద పేరు లేదా నంబరు రాసి కనిపించేలా అంటించి, చెప్పిన ఉదయం చెప్పిన చోట పెట్టాలి.

మార్చిలో జనమంతా ఇళ్లు మారతారు, అప్పుడు మూడు నాలుగు వారాల దాకా తేదీ దొరకదు. వెళ్లిపోయేవారు విమానం టికెట్ కొన్న రోజే ఈ ఫోను కూడా చేయండి.

ఏసీ, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ నాలుగింటినీ పెద్ద చెత్తగా తీసుకోరు. 2001 ఏప్రిల్ నుంచి వీటికి వేరే చట్టం ఉంది. కొన్న దుకాణానికి గానీ, కొత్తది కొనే దుకాణానికి గానీ రీసైకిల్ రుసుము, రవాణా ఖర్చు ఇచ్చి అప్పగించాలి. వాహనం ఉంటే తపాలా కార్యాలయంలో రీసైకిల్ టికెట్ కొని, నిర్ణీత కేంద్రంలో స్వయంగా దించిరావచ్చు. కంప్యూటర్‌కు మరో దారి: 2003 అక్టోబర్ తర్వాత జపాన్‌లో ఇంటి కోసం అమ్మినవాటిపై ఉండే రీసైకిల్ గుర్తు ఉంటే తయారీదారు ఉచితంగా తీసుకుంటారు. ఇండియాలో కొన్న ల్యాప్‌టాప్‌కు ఆ గుర్తు ఉండదు, డబ్బు కట్టవలసి రావచ్చు.

మైకు పెట్టుకుని 'ఏదైనా ఉచితంగా తీసుకుంటాం' అంటూ వీధుల్లో తిరిగే చిన్న లారీలను నమ్మకండి. ఎక్కించుకున్నాక వేల యెన్లు అడిగినవారి కథలు తరచూ వింటాం. వీటిలో చాలావాటికి ఇంటి చెత్త తీసుకునే అనుమతే ఉండదు. ఇక రాత్రివేళ నిర్మానుష్యమైన చోట వదిలేసి రావడం నేరం: అయిదేళ్ల దాకా జైలు, కోటి యెన్ల దాకా జరిమానా చట్టంలో ఉంది. పనికొచ్చే సామానైతే పాత వస్తువుల దుకాణం, లేదా కొత్తగా వచ్చే మరో తెలుగు కుటుంబం మేలు. మా వాషింగ్ మెషిన్ అలా మూడిళ్లు తిరిగింది.

సంచి తిరిగొస్తే

ఎవరూ తిట్టరు, అదే ఇబ్బంది. స్టికర్ ఉన్న సంచిని అదే రోజు ఇంటికి తెచ్చేయండి. అక్కడే వదిలేస్తే మరుసటి వారం పేట సంఘం వాళ్లు దాన్ని విప్పి, లోపలి కవర్ల మీద చిరునామా వెతకవలసి వస్తుంది. స్టికర్ మీద చిన్న గడుల్లో కారణం టిక్ చేసి ఉంటుంది: రోజు తప్పు, రకం తప్పు, సంచి తప్పు, రుసుము స్టికర్ లేదు. దాన్ని ఫోటో తీసి అనువదించుకోండి.

నా సంచిలో తప్పు ఆ సీసాదే. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దాన్ని బయటికి తీశాను. కాగితంతో లోపలి ఎర్ర నూనె తుడిచి, వేడినీళ్లు పోసి ఊపి, మూత విడిగా పెట్టాను. మిగతా సంచికి ముడి వేసి శుక్రవారం దాకా బాల్కనీలో ఉంచాను. సీసా సోమవారం వెళ్లింది.